ఒకసారికి ఒక్కటే

మా మరిది ఒక డాక్టరుతో పోట్లాడి గెలవడం నేను కళ్ళారా చూశాను. దగ్గు పట్టుకుని పది రోజులైనా వదలకపోతే నేనే రెక్క పట్టుకుని తీసుకెళ్ళాను. డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి విని, నాలుగు రకాల మందులు రాసి కాగితం చేతిలో పెట్టాడు. మా మరిది దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, మళ్ళీ ఆయన బల్ల మీదే పెట్టాడు.

"ఇందులో మూడు కొట్టేయండి" అన్నాడు.

"ఏ మూడు?"

"మీ ఇష్టం. ఏదో ఒకటి ఉంచండి. నాలుగూ కలిపి మింగాననుకోండి, దగ్గు తగ్గిందనుకోండి. దేనికి తగ్గిందో మీకెలా తెలుస్తుంది, నాకెలా తెలుస్తుంది?"

"తగ్గితే చాలదా అండీ?"

"చాలదు. మళ్ళీ వస్తే?"

అరగంట నడిచింది ఆ వాదన. బయట బెంచీల మీదున్న రోగులు లేచి గుమ్మం దగ్గరికొచ్చి విన్నారు. వాళ్ళలో సగం మంది ఏ రోగంతో వచ్చారో మరిచిపోయారు. చివరికి డాక్టరు కలం విసిరినంత పని చేసి మూడు మందులు కొట్టేశాడు. వారానికల్లా దగ్గు పోయింది. చూపించడానికి వెళ్తే డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, "చూశారా, నేనుంచిన మందు" అన్నాడు.

"అది ఇంకా మొదలుపెట్టలేదండీ. ముందు కిటికీ పక్కన పడుకోవడం మానేశాను. మందు వచ్చే వారం మొదలుపెడదామనుకున్నాను" అన్నాడు మా మరిది.

అదీ ఆయన సంగతి. ఏదైనా సరే, ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. రెండు మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదంటాడు. వీధిలో అందరూ ఆయన్ని 'ఒక్కటే గారు' అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు పోస్టుమాన్‌కి కూడా గుర్తులేదు.

కూరలో ఉప్పూ కారమూ రెండూ తగ్గితే, ఇవాళ ఉప్పు వేసుకుని తింటాడు, కారం రేపు అడుగుతాడు. కళ్ళజోడు మార్చిన నెల జుట్టు కత్తిరించుకోడు. ఎదురుపడ్డవాళ్ళు గుర్తుపట్టకపోతే దేనివల్ల పట్టలేదో తెలియాలట. ఇల్లు మారినప్పుడైతే సామాను గదికో వారం చొప్పున మార్చాడు. మూడు వారాలపాటు మా తోడికోడలు ఒక ఇంట్లో వండి, ఇంకో ఇంట్లో వడ్డించి, మొదటి ఇంటికి నడిచి వెళ్ళి పడుకుంది. "కాపురం ఏ ఇంట్లో చేస్తున్నావమ్మా?" అని నేనడిగితే, "దారిలో అక్కా" అంది.

ఇలాంటి మనిషి చేతిలో మా కోడలి ఉద్యోగం పడింది.

మా వాడు పనిచేసే కార్ఖానా నెలలో సగం రోజులు మూతపడటం మొదలైంది. అప్పుడు మా కోడలు ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటి సంపాదించింది. ఎక్కడో ఆసుపత్రుల్లో డాక్టర్లు తమ రోగుల గురించి గొణుక్కుంటూ మాట్లాడింది రికార్డు చేసి పంపుతారు. మా కోడలు అది చెవులకి తగిలించుకుని విని, టైపు చేసి తిప్పి పంపాలి. పని బాగానే చేస్తోంది, అది నేనూ ఒప్పుకుంటాను. బాగాలేనిది కంప్యూటరు. మా వాడి పెళ్ళికి ముందు కొన్నది, పదకొండేళ్ళది. స్విచ్ నొక్కి, స్నానం చేసి, తల తుడుచుకుని వస్తే అప్పటికి కళ్ళు తెరిచేది. అంతవరకు భరించాం. ఆ చలికాలంలో దానికి కొత్త రోగం పట్టుకుంది. గంటో రెండు గంటలో బాగానే ఉండి, ఉన్నట్టుండి నల్లబడి ఆగిపోయేది. దాంతోపాటు చేసిన పనీ పోయేది.

ఆఫీసులో ఆవిడెవరో ఫోను చేసి చాలా మర్యాదగా చెప్పింది. ఈ నెలాఖరులోపు ఇంకో మూడుసార్లు ఫైలు మధ్యలో పోతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామంది. మర్యాదగా చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ భయమే. తిట్టేవాళ్ళు అయితే మెత్తబడే ఆశ ఉంటుంది.

కొత్తది కొనాలంటే ముందు ఈ ఉద్యోగం నిలబడాలి. ఈ ఉద్యోగం నిలబడాలంటే కొత్తది కొనాలి. మా వాడు ఈ రెండు మాటల మధ్య రెండు రోజులు తిరిగి, మూడో రోజు బాబాయిని పిలిచాడు.

మా మరిది ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత వీధిలో కంప్యూటర్లు పట్టుకున్నాడు. పైకీ కిందికీ పోని లిఫ్టే కదా వదినా ఇది, అంటాడు. చొక్కా జేబులో అందరూ కలం పెట్టుకుంటారు, ఈయన స్క్రూడ్రైవరు పెట్టుకుంటాడు. వచ్చి, కంప్యూటరు బల్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆ బల్ల మా హాలుకి అడ్డంగా ఉంటుంది. ఇవతల కోడలు కూర్చునే కుర్చీ, బల్ల కింద కంప్యూటరు డబ్బా, అవతల గుడ్డ తెర, తెర వెనక నా మంచం. సగం హాలు దానిది, సగం నాది.

"ఏం చేస్తుందమ్మా ఇది?"

"ఉన్నట్టుండి ఆగిపోతుంది చిన్న మామయ్యా."

"ఆగడానికి ముందు ఇంట్లో ఏం మారింది?"

"ఏమీ మారలేదు."

"మారకేం, ఉద్యోగంలో చేరింది" అన్నాను నేను తెర అవతల నుంచి. "పొద్దస్తమానం టకటకలాడిస్తే ఇనుమైనా అరుగుతుంది. పదేళ్ళు బాగున్న వస్తువు దీని చెయ్యి పడగానే ఎందుకు ఆగింది?"

మరిది డబ్బా మూత తీసి, లోపల్నుంచి పిల్లికూనంత దుమ్ము లాగాడు. కుంచెతో మూలమూలలా తుడిచి మూత పెట్టేశాడు.

"ఇవాళ్టికి ఇంతే."

"లోపల ర్యామ్ కూడా ఓసారి చూస్తే..." అంది కోడలు.

"ఎల్లుండి. ఇవాళ దుమ్ము మార్చాం. దుమ్ము సంగతి తేలాలి."

"మామయ్యా, నాకు నెలాఖరుదాకానే..."

"నెలాఖరులో కూడా రోజులుంటాయమ్మా" అన్నాడు. భోజనం వేళదాకా అక్కడే కూర్చుని కంప్యూటరు మొహంలోకి చూశాడు. అది బుద్ధిగా పనిచేసింది. ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని వెళ్ళాడు. సాయంత్రం చీకటి పడకముందే అది నల్లబడింది. కోడలు చేసిన రెండు గంటల పని దాంతోనే పోయింది. మూడులో ఒకటి అయిపోయింది.

ఒక రోజు విడిచి వచ్చి ర్యామ్ బయటికి తీశాడు. చూడ్డానికి దువ్వెనలా ఉంది, పళ్ళు మాత్రం బంగారు రంగు. కోడలు దగ్గర పెన్సిలు రబ్బరు అడిగి తీసుకుని ఆ పళ్ళు తుడిచాడు. పెళ్ళిచూపులకి వెళ్ళేవాడు కూడా తన పళ్ళు అంతసేపు తోముకోడు. తోమి, బిగించి, మళ్ళీ కాపలా కూర్చున్నాడు. ఆయన కూర్చున్నంతసేపూ అది పంతులుగారి ఎదుట పిల్లవాడిలా ఉంది. ఆయన వెళ్ళిన రెండు గంటలకి ఆగింది. రెండోదీ పోయింది. ఇంక మిగిలింది ఒక్కసారి.

"నువ్వుంటే ఆగదు, నువ్వు వెళ్తే ఆగుతుంది. ఇక్కడే కాపురం పెట్టెయ్యి" అన్నాను మూడోసారి వచ్చినప్పుడు.

"అదే నాకూ అర్థం కావట్లేదు వదినా."

"అయితే అన్నీ ఒకేసారి మార్చి పారెయ్యరాదూ? ఆ పిల్ల తిండి మానేసింది."

అది నిజం. కోడలు ఒక్కో వాక్యం టైపు చేసి ఒక్కోసారి సేవ్ చేసుకుంటోంది. పక్కింట్లో ఎవరైనా స్విచ్ నొక్కినా ఉలిక్కిపడుతోంది. మా వాడు ఇంట్లోకి వస్తూ ముందు పెళ్ళాం మొహం చూసి, తర్వాత చెప్పులు విప్పుతున్నాడు. ఇల్లంతా ఆసుపత్రి వరండాలా తయారైంది. నాకు ఆశ అనే వస్తువు మొదట్నుంచీ తక్కువ. ఆ వారం అది అడుగంటింది.

నేనలా అనేసరికి మరిది స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఒకసారి మా వాళ్ళు ఒక లిఫ్టుకి తాడూ బ్రేకూ ఒకే పూట మార్చారు వదినా. మర్నాడు అది సగం అంతస్తు జారింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ తప్పు తాడుదా బ్రేకుదా తేల్చలేకపోయారు. తాడు వేసినవాడు బ్రేకు అన్నాడు, బ్రేకు వేసినవాడు తాడు అన్నాడు. చివరికి లిఫ్టులో స్టూలు వేసుకుని మీటలు నొక్కే ఆపరేటరు ఉంటాడే, వాడు సరిగ్గా నొక్కలేదన్నారు. ఇరవై ఏళ్ళ నౌకరీ పోయింది. తెలియని తప్పు ఊరుకోదు, నోరులేనివాళ్ళని వెతుక్కుంటూ పోతుంది."

ఆ మాట అంటూ కోడలి కుర్చీ వైపు చూశాడు. నాకు తగలాలనే అన్నాడు. నాకు తగల్లేదు. తగిలించుకునే అలవాటు నాకు లేదు.

ఆ రోజు పాత హార్డ్ డిస్కు తీసి, కొత్త రకం ఎస్‌ఎస్‌డీ వేశాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, మనిషికి నమ్మకం కుదిరే సైజు కాదు. కానీ స్విచ్ నొక్కి నేను కొంగు సర్దుకునేలోగా కంప్యూటరు లేచి కూర్చుంది. కోడలు చాన్నాళ్ళకి నవ్వింది. భోజనాల దగ్గర అందరం కాస్త తెప్పరిల్లాం. మరిది గిన్నె అడుగున వేలు పెట్టి పెరుగు ఊడ్చుకున్నాడు.

"ఇంత చలిలో ఇంత గట్టి పెరుగు ఎలా తోడుకుంటుంది వదినా? మా ఇంట్లో తాగాల్సి వస్తోంది."

"చెయ్యి ఉండాలి" అన్నాను, కోడలు వినేలా. "కొందరికి వస్తుంది, కొందరికి ఎన్నాళ్ళు నేర్పినా రాదు."

ఆయన వెళ్ళాడు. సాయంత్రం కంప్యూటరు ఆగింది. ఇదివరకు నిదానంగా మేలుకుని నిదానంగా చచ్చేది. ఇప్పుడు చురుగ్గా మేలుకుని చచ్చింది. వాక్యం వాక్యం దాచుకుంది కాబట్టి ఆ పూట ఫైలు దక్కింది. కోడలు చెవులకి పెట్టుకునేవి తీసి, వైరు చుట్టి, వాటి అట్టపెట్టెలో పెట్టి మూత పెట్టింది. ఉద్యోగం వదిలేసినవాళ్ళే అలా సర్దుతారు. నాకు తెర అవతల కూర్చుని ఏం అనాలో తోచలేదు. తోచకపోయినా ఏదో అన్నాననుకోండి.

మర్నాడు మా అక్క కంటికి ఆపరేషన్ అంటే వెళ్ళి రెండు రోజులున్నాను. తిరిగి వచ్చేసరికి ఇంట్లో మొహాలు మారిపోయి ఉన్నాయి.

"రెండు రోజులు, అత్తయ్యా. ఒక్కసారి కూడా ఆగలేదు" అంది కోడలు.

మరిది అక్కడే ఉన్నాడు. "ఏం మార్చావు?" అన్నాను.

"ఏమీ మార్చలేదు. డిస్కు సంగతి తేలాలని ఊరుకున్నాను."

"అవున్లే. నేను లేకపోతే ఈ ఇంట్లో అన్నీ బాగానే ఉంటాయి" అన్నాను, ఎత్తిపొడుపుగా.

"నేనూ అదే అనుకుంటున్నాను వదినా" అన్నాడు ఆయన, ఏ పొడుపూ లేకుండా.

మర్నాడు పొద్దున కోడలు చెవులకి తగిలించుకుని పనిలో కూర్చుంది. నేను పాలు గోరువెచ్చగా కాచి, తోడు కలిపి, గిన్నె మీద పళ్ళెం మూసి, తువ్వాలు చుట్టి తెర వెనక్కి తెచ్చాను. నా మంచం అంచున మరిది కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు లేదు.

"నీ పని నువ్వు చేసుకో వదినా. నేను లేననుకో."

లేడనుకున్నాను. వంగి, గిన్నెని డబ్బా వెనకవైపు ఆనించి, వెచ్చటి గాలి ఒక్క పిసరు కూడా వృథా పోకుండా తువ్వాలు చుట్టూ దోపాను.

"అదేంటి?"

"పాలు. తోడు పెట్టాను."

"అక్కడెందుకు?"

"చలికి వంటింట్లో తోడుకోవట్లేదు. ఇక్కడ గిన్నె పెడితే మధ్యాహ్నానికి గడ్డ కడుతుంది. ఇందులోంచి వెచ్చటి గాలి వస్తుంది, ఊరికే పోతోంది కదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలి మొదలైనప్పట్నుంచి."

"నేను వచ్చే రోజుల్లో?"

"నువ్వు వెళ్ళాక పెడతాను. నువ్వు డబ్బా అటూ ఇటూ లాగితే పెరుగు నీళ్ళు వదలదూ?"

మా మరిది కళ్ళు మూసుకున్నాడు. దుమ్ము, రబ్బరు, డిస్కు, అన్నీ ఒక్కొక్కటే ఆయన మొహం మీద నుంచి నడిచి వెళ్ళాయి. తర్వాత పొట్ట కదలడం మొదలైంది. శబ్దం రాకుండా నవ్వడానికి నా దిండు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ గాలి ఊరికే పోయేది కాదు వదినా, పోవాల్సింది" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "లోపలి వేడి ఆ కంతల్లోంచే బయటికి రావాలి. నువ్వు దాని ముక్కూ నోరూ మూసేశావు. వేడెక్కి వేడెక్కి, కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతోంది."

తెర అవతల టకటకలాడే చప్పుడు వినిపిస్తూనే ఉంది. నెల రోజులుగా నేను ఆ చప్పుడుని అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నప్పుడు అన్ని ఉన్నాయనుకోలేదు.

"చెప్పేస్తావా?" అన్నాను.

ఆయన గిన్నె రెండు చేతులా ఎత్తి, పాలు తొణకకుండా వంటింట్లోకి నడిచాడు. పొయ్యి పక్కన పెట్టి, తువ్వాలు మళ్ళీ చుట్టి వచ్చాడు. సంచిలోంచి కొత్త ఫ్యాను ఒకటి, కొత్త పవర్ సప్లై ఒకటి తీశాడు.

"అమ్మాయ్, ఒక్క పావుగంట లే."

కంప్యూటరు ఆపి, మూత తీసి, పాత ఫ్యాను విప్పి కొత్తది వేశాడు. కోడలు ఇంక మూత పెడతాడనుకుని మూత అందించింది. ఆయన తీసుకోలేదు. పాత పవర్ సప్లై కూడా విప్పడం మొదలుపెట్టాడు.

"చిన్న మామయ్యా, రెండూ ఒకేసారా?"

పథ్యం ఉన్న మనిషి దొంగతనంగా మిఠాయి తింటున్నప్పుడు ఉంటుందే, ఆ మొహం పెట్టాడు. అయినా బిగించాడు.

కంప్యూటరు ఆ రోజు ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. నేను మళ్ళీ గిన్నె పెట్టలేదని వేరే చెప్పాలా? నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. ఆఫీసావిడ ఫోను చేసి అదే మర్యాదతో, పని ఇక మీదేనని చెప్పింది. కోడలు ఫోను పెట్టేసి, కుర్చీలో కూర్చునే కాసేపు ఏడ్చింది.

"ఇంతకీ దేనివల్ల బాగుపడింది బాబాయ్?" అన్నాడు మా వాడు ఆ సాయంత్రం.

"తెలియదురా. ఫ్యానూ పవర్ సప్లై కలిపి మార్చేశాను."

"నువ్వా?"

"ముసలివాణ్ణయ్యాను. మరిచిపోయాను. ఒకటి మాత్రం తెలుసు, అమ్మాయి టైపు చెయ్యడం వల్ల కాదు. ఇనుము అరగలేదు. ఆ మాట ఇంక ఎవరూ అనకండి."

ఎవరు అన్నారో అడక్కుండా, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. మా వాడు జాలిగా తల ఊపాడు. ముప్పై ఏళ్ళ పరువు, ఒక్క పూటలో పోయింది. ఒక్కటే గారు రెండు మార్చారట అని వీధంతా చెప్పుకున్నారు. కిళ్ళీకొట్టతను ఆయన్ని చూడగానే, "ఒకటా రెండా మామయ్యా?" అని అడగడం మొదలుపెట్టాడు. మా తోడికోడలు నాకు ఫోను చేసి, "అక్కా, ఆయనకి మతిమరుపు మొదలైందేమో, ఎవరికైనా చూపించాలా?" అని బెంగపడింది. ఏం లేదులే, చలి అన్నాను. ఆయన మాత్రం అందరి మాటలూ పడి నవ్వి ఊరుకున్నాడు. తప్పు ఎక్కడుందో తేలకుండా పోవాలంటే ఏం చెయ్యాలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు?

మా వాడు అడిగిన ఆ సాయంత్రం ఆయన్ని గేటుదాకా నేనే సాగనంపాను.

"గిన్నె సంగతి నేనే చెప్పుకునేదాన్ని" అన్నాను.

"చెప్పుకునేదానివే. ఇంకో ఏడెనిమిదేళ్ళకి."

"నాకు ఎవరూ మొహమాటపడక్కర్లేదు."

"నీకు మొహమాటపడితే నాకేం వస్తుంది వదినా? నిజం చెప్తే నువ్వు సిగ్గుపడి ఆ పిల్లతో మాట్లాడటం మానేస్తావు. మీరిద్దరూ ఉండేది ఒక్క హాలు."

గేటు గొళ్ళెం తీశాను. "సరే, ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నాను. ఎవరినీ అలా అడిగిన మనిషిని కాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు, మూత తీసిన డబ్బాని చూసినట్టే.

"మార్చాల్సినవి చాలా ఉన్నాయి వదినా. అన్నీ వద్దు. ఆ పిల్ల పని చేసుకుంటుంటే తెర అవతల నుంచి గంటకోసారి 'ఇంకా అవలేదా' అంటావు, అది ఒక్కటీ ఆపు. మిగతావేవీ ముట్టుకోకు. దెప్పడం దెప్పు, నీ పెరుగు గొప్పలు నువ్వు చెప్పుకో, నా మీద విసుక్కోవాలనిపిస్తే విసుక్కో. ఒక వారం చూసి, ఏం జరిగిందో వచ్చి నాకు చెప్పు."